తూము పట్టిన కాలు

నాకు కోపం ముందు వస్తుంది, బుద్ధి దాని వెనకాల తీరుబడిగా నడుచుకుంటూ వస్తుంది. పెళ్లయిన నెలలోపే నా భార్య ఈ సంగతి కనిపెట్టి ఊరంతా చాటింది. ఇప్పుడు చెప్పబోయేది నేను నీళ్ల అడుగున ఇరుక్కున్న రోజు గురించి. నీళ్లలోంచి ఆ పూటే బయటపడ్డాను. బయటపడగానే నా నోరు చేసిన పనిలోంచి బయటపడడానికి మాత్రం ఏడాదికి పైగా పట్టింది.

మాది మెట్‌పల్లికి దగ్గర్లో ఒక పల్లె. మా ఇంటి పని నీరటితనం. చెరువు కట్ట కింద పొలాలకు నీళ్లు పోయే తూము ఉంటుంది కదా, దాని నోరు చెరువు లోపల, నీటి అడుగున, రాతిగోడలో ఉంటుంది. ఆ నోటికి ఒక కొయ్య బిగించి ఉంటుంది. పొలాలకు నీళ్లు కావాలంటే ఒకడు మునిగి ఆ కొయ్యను ఊడబెరకాలి, చాలనుకున్నప్పుడు మళ్లీ మునిగి బిగించాలి. ఆ మునిగేవాడే నీరటికాడు. ఇప్పటి పిల్లలకు చెప్తే "ఓస్, గింతేనా" అంటారు. దిగిచూస్తే తెలుస్తుంది. కొయ్య ఊడిందంటే చెరువు చెరువంతా ఆ చిన్న రంధ్రంలోంచే పోవాలని చూస్తుంది, అడ్డమొచ్చిన మనిషిని గోడకేసి అదుముతుంది.

చెరువు నీళ్లు బురదగా ఉంటాయి, అడుగున కళ్లు పనికిరావు. అందుకని మావాళ్లు కాలితో చూస్తారు. చేతులతో గోడను పట్టుకుని, అరికాలిని రాళ్ల మీద జరుపుకుంటూ పోతే నీళ్లు ఎక్కడ గుంజుతున్నాయో అరికాలికి తెలిసిపోతుంది. నాకు ఈ విద్య నేర్పింది మా మామ. మా అవ్వకు, అంటే మా అమ్మకు, తమ్ముడు. మా బాపు నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచిందీ ఆయనే, తన బిడ్డను నాకిచ్చి చేసిందీ ఆయనే.

నేను మునిగితే నా నడుముకు తాడు. తాడు రెండో కొస కట్ట మీద మామ చేతిలో. నేను లోపల ఉన్నంతసేపూ ఆయన ఉండుండి తాడును మెల్లగా ఒకసారి గుంజేవాడు. "ఉన్న" అని దానర్థం. ఆ చిన్న గుంజుడు నడుముకు తగులుతుంటే బురదలో, చీకట్లో ఎంతసేపైనా ధైర్యంగా ఉండేది.

తాడు విషయంలో మా ఇంట్లో రెండు కట్టుబాట్లున్నాయి. లోపలున్న మనిషి పైకి వచ్చేదాకా తాడు పట్టినవాడు దాన్ని వదలకూడదు, ఇంకొకడి చేతికి ఇవ్వకూడదు. ఇస్తే వాడు బతుకంతా మళ్లీ తాడు ముట్టకూడదు. రెండోది మునిగినవాడికి. నీళ్లలోంచి తల బయట పెట్టగానే మొదటి మాట తాడు పట్టినవాడితోనే మాట్లాడాలి. "తాడు అందింది మామా" అనాలి. అంటే, నువ్వు నన్ను వదల్లేదు, నాకు తెలుసు అని. దానికి ఆయన "ఒడ్డెక్కు" అంటాడు. ఆ రెండు మాటలూ అయ్యాకే నేను గట్టు ఎక్కాలి, దగ్గినా తుమ్మినా ఆ తర్వాతే. మొదటి మాట ఏదైతే అదే లెక్క, తర్వాత ఎన్ని మాట్లాడినా అది మారదు. మా తాతల నాటి నుంచీ ఇది ఇంతే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్లయింది. గోదావరికి అవతల, ఆదిలాబాదు జిల్లాలో, ఒక వాగుకు అడ్డంగా ఆనకట్ట కడుతున్నారు. రాతిగోడ చాలా మట్టుకు లేచింది, వెనకాల నీళ్లు నిలిచాయి. గోడ అడుగున కాలువకు నీళ్లు వదిలే తూము ఉంది. మా చెరువు తూములా కొయ్యతో మూసేది కాదు, దానికి ఇనుప గేటు. ఆ వానాకాలం వరదలో ఏదో దుంగ కొట్టుకొచ్చి గేటు కింద ఇరుక్కుంది. గేటును పైకి ఎత్తితే లేస్తుంది, దించితే మాత్రం పూర్తిగా దిగదు. అడుగున జానెడున్నర సందు మిగిలిపోయింది. యాసంగి పంటకు నిలవాల్సిన నీళ్లు ఆ సందులోంచి పారిపోతున్నాయి. నీళ్లలో దిగి ఆ దుంగ ఎక్కడుందో చూసి చెప్పే మనిషి కావాలని వెతుకుతుంటే ఎవరో మా ఊరి పేరు చెప్పారు.

బొంబాయి రేవు నుంచి ఒక ఇత్తడి టోపీ తెప్పించారు. టోపీ అంటే నెత్తి మీద పెట్టుకునేది కాదు. తల మొత్తం లోపలికి పోయి, భుజాల మీద కూర్చుంటుంది. ముందర అద్దం, వెనక రబ్బరు గొట్టం. గొట్టం ఆ చివర గోడ మీద గాలి పంపు ఉంటుంది, దాన్ని ఇద్దరు మనుషులు ఆపకుండా కొడుతూ ఉండాలి. టోపీకి అడుగు లేదు. లోపల గాలి నిండి ఉన్నంతవరకు నీళ్లు మెడ దగ్గరే ఆగుతాయి. తల మాత్రం వంచకూడదు. వంచితే గాలి బుడబుడమని పక్కనుంచి పోయి, నీళ్లు ముక్కుదాకా వస్తాయి. నడుముకు సీసం బిళ్లలు కట్టుకుంటే అడుగున నిలబడవచ్చు, నడవవచ్చు కూడా.

టోపీతో పాటు ఒక ఉస్తాద్ వచ్చి రెండు వారాలుండి నాకు పని నేర్పాడు. మరాఠీ, హిందీ కలిపి మాట్లాడేవాడు. పోయేముందు నా చేతిలో పొడుగాటి ఇనుప చువ్వ పెట్టి, గేటు దగ్గర దీనితోనే తడమాలి, చెయ్యి పెట్టకూడదు, కాలు అసలే పెట్టకూడదు అని మూడుసార్లు చెప్పాడు. నేను మూడుసార్లూ తల ఊపాను.

మామ ఆ టోపీని చూసి నవ్వాడు. "గిదేందిరా, బోనం కుండ లెక్క ఉన్నది. దీంట్ల తలకాయ వెట్టి నీళ్లల్లకు పోతవా?"

"పోత మామా. గాలి పైకెల్లి వస్తది. పరేషాన్ గాకు."

"పరేషాన్ నాకెందుకురా, తలకాయ నీది," అన్నాడు. కానీ ఆ రోజంతా ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాడు.

ఇదంతటికీ ముందు, ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు నా భార్య నాతో ఏమీ అనలేదు. వాళ్ల నాన్న ఎదుట నిలబడింది. "బాపూ, గవి మన చెరువు నీళ్లు కావు. తాడు నువ్వే పట్టాలె. ఎవ్వలకు ఇయ్యకు."

"పాణం బోయినా ఇయ్య బిడ్డా," అన్నాడు మామ.

దిగిన రోజు పొద్దున గోడ మీద జాతర లాగా ఉంది. రెండు రోజుల్లో ఎవరో పెద్దవాళ్లు పని చూడడానికి వస్తున్నారట. కింద మైదానంలో వేదిక కడుతున్నారు, మైకువాడు తీగలు లాగుతున్నాడు. ఇచ్చోడ వైపు నుంచి వచ్చిన కూలి ఆడవాళ్లు మట్టి తట్టలు దించి నా ఇత్తడి తలకాయను చూసి పకపకా నవ్వుతున్నారు. ఇంజనీరు గుంటూరు వైపు మనిషి, మంచివాడే. "జాగ్రత్తయ్యా," అన్నాడు. "దుంగ ఏ పక్కన ఉందో చూసి రా, చాలు. దాన్ని నువ్వు లాగక్కర్లేదు." మామ నా నడుముకు తాడు కట్టి, ముడిని రెండుసార్లు పంటితో బిగించాడు. నిచ్చెన మెట్లు దిగాను.

నాలుగు నిలువుల లోతు. గోడ పక్కనే దిగుతుంటే మొదట నీళ్లు పచ్చగా, తర్వాత మట్టిరంగుగా, ఆ తర్వాత దాదాపు నల్లగా అయ్యాయి. అడుగుకు చేరక ముందే వరద లాంటి ఊపు నన్ను పక్కకు జరపడం మొదలుపెట్టింది. మా చెరువులో తూము పిలుస్తుంది, ఇక్కడ ఈడ్చుకుపోతోంది. గోడ రాళ్ల మధ్య సందుల్లో వేళ్లు దూర్చుకుంటూ మెల్లగా గేటు దగ్గరికి చేరాను. గేటు ఇనుము వణుకుతోంది. కింద నీళ్లు పోతున్న మోత చెవుల్లో కాదు, పళ్లలో తెలుస్తోంది. నడుము దగ్గర తాడు మెల్లగా గుంజింది. ఉన్న. నేనూ ఒకసారి గుంజాను.

చువ్వతో తడిమాను. ఇనుముకు ఇనుము తగిలి ఠంగుమంది. ఇంకోచోట తడిమాను, మళ్లీ ఠంగు. దుంగా, గేటా, రాయా ఏమీ తెలియడం లేదు. చేతులు చల్లబడి తిమ్మిరెక్కాయి. నాకు ఒళ్లు మండింది. పొట్ట చించినా ఒక్క అక్షరం రాని వాణ్ణి కావచ్చు, కానీ నీళ్లు ఎక్కడ గుంజుతున్నాయో చెప్పడానికి నాకు చువ్వ కావాలా? ఆరేళ్ల వయసు నుంచి నా అరికాలు చూసిన తూములు ఆ ఉస్తాద్ బతుకులో చూసి ఉండడు. చువ్వను నడుముకు దోపుకున్నాను. రెండు చేతులతో గేటు అంచును పట్టుకుని ఎడమ కాలు ముందుకు చాపాను.

కాలు చూసింది. దుంగ కుడివైపున ఉందని తెలిసింది కూడా. ఆ మరుక్షణం కాలు నాది కాకుండా పోయింది.

ఎవరో లోపలి నుంచి మడమ పట్టుకుని గుంజినట్టయింది. నేను కింద గచ్చు మీద కూలబడ్డాను. ఎడమ కాలు మోకాలు దాటి తొడ సగం వరకు సందులోకి పోయింది, కుడి కాలు మడిచి గేటుకు తన్నిపెట్టి ఉంది. టోపీ అద్దం గేటు ఇనుముకు ఆనుకుంది. టోపీ నిటారుగానే ఉంది, అదొక్కటే అదృష్టం. కాలును చేతులతో పట్టి లాగుదామంటే వంగాలి. వంగితే మునుగుతాను. వంగకపోతే చేతులు మోకాలికి అందవు. మా చెరువు తూము గుంజుడును నా అరికాలు తట్టుకోగలదు, ఇంత ఆనకట్ట నీళ్లకు అరికాలు ఒక లెక్కా! ఆ తేడా తట్టకపోయింది నాకు. అంతటి మూర్ఖత్వం ఒక్క నీరటికాడే చెయ్యగలడు.

తాడును గబగబా నాలుగైదుసార్లు గుంజాను. పైనుంచి లాగారు. నడుము పైకి, కాలు లోపలికి. తుంటి దగ్గర ఏదో చిరిగినట్టయింది. టోపీలో అరిచాను. నా అరుపు ఎటూ పోలేదు, ఇత్తడికి తగిలి నా చెవుల్లోకే వచ్చింది. వాళ్లు ఆపారు. నేను గుంజడం ఆపాను. కాసేపటికి నడుముకు ఆ చిన్న గుంజుడు తగిలింది. ఉన్న. ఇంకాసేపటికి మళ్లీ. ఉన్న. మామకు తెలిసింది, ఆయనేదో చేస్తాడు అనుకున్నాను. ఏడుపొచ్చింది గానీ భయం కొంచెం తగ్గింది.

ఆ తర్వాత తాడు ఆగిపోయింది.

ఆగిపోవడమంటే వదులు కావడం కాదు. బిర్రుగా ఉంది. కానీ అది మామ చెయ్యి కాదు. పదహారేళ్లు ఆ చేతిని నడుముతో విన్నవాణ్ణి, నాకు తెలియదా? ఈ చెయ్యి ఎవరిదో, గుంజకు కట్టిన ఎద్దు తాడును పట్టుకున్నట్టు ఊరికే పట్టుకుని నిలబడింది. ఒకసారి గుంజి చూశాను. జవాబు రాలేదు. మళ్లీ గుంజాను. ఏమీ లేదు.

మామ తాడు వదిలేశాడు.

నేనిక రానని ఆయనకు తెలిసిపోయిందన్న మాట. నా చావును చేతుల్లో పట్టుకుని కూర్చోలేక లేచి వెళ్లిపోయాడన్న మాట. బిడ్డకు ఇచ్చిన మాట కూడా తప్పాడు. ఆ ఆలోచన వచ్చాక నాకు చలి తెలియలేదు, నొప్పి తెలియలేదు. ఒళ్లంతా కోపమే. ఆ ఇత్తడి కుండలో కూర్చుని నేను మామను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను. ముసలి నక్కా అన్నాను, పిరికి గొడ్డూ అన్నాను, ఇంకా చాలా అన్నాను. అన్నీ నా మొహం మీదే పడ్డాయి. గాలిలో పంపు నూనె వాసనతో పాటు బీడీ వాసన వస్తోంది. పైన పంపు కొడుతూ ఎవడో హాయిగా బీడీ తాగుతున్నాడు! వాణ్ణి కూడా తిట్టాను.

ఒకసారి పంపు ఆగింది. మనుషులు మారుతున్నారేమో. నీళ్లు మెడ నుంచి గదవకు, గదవ నుంచి కింది పెదవికి వచ్చాయి. ముక్కు పైకెత్తాను, టోపీ కప్పు నుదుటికి తగిలింది. ఇంతే, ఇంతటితో అయిపోయింది అనుకున్నాను. మళ్లీ గాలి వచ్చింది, నీళ్లు దిగాయి. అప్పటి నుంచి పంపు చప్పుడును లెక్కపెట్టడం మొదలుపెట్టాను. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి. అద్దానికి అవతలే ఇనుము, మసక వెలుతురులో దాని మీద తుప్పు చారలు. మూడు చారలు. వాటిని తప్ప చూడడానికి ఇంకేమీ లేదు. నా భార్య నన్ను ఎన్నిసార్లు "మొండోడా" అని పిలిచిందో గుర్తు చేసుకున్నాను. ఇంకొక్కసారి పిలిస్తే బాగుండుననిపించింది. కాలు ఉందో లేదో తెలియడం మానేసింది.

ఎంతసేపైందో నాకు తెలియదు. మొదట మారింది మోత. పళ్లలో ఉన్న మోత తగ్గుతూ వచ్చింది. గేటు వణకడం మానేసింది. నేను నమ్మలేదు. చావు ముందు ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. తర్వాత తొడ దగ్గర పట్టు వదులైంది. నెమ్మదిగా, ఎవరో వేలు తర్వాత వేలు విప్పుతున్నట్టు. కుడి కాలితో గేటును తన్నాను. ఎడమ కాలు జానెడు వెనక్కి వచ్చింది. ఇంకోసారి తన్నాను. మొత్తం వచ్చేసింది. తాడును పిచ్చివాడిలా గుంజాను.

నన్ను గోడ మీదికి లాగి టోపీ తీశారు. ఎండ కళ్లలో పొడిచింది, పొద్దు నడినెత్తిన ఉంది. ముందు చూసింది తాడు వైపే. తాడు సిమెంటు కలిపే మేస్త్రి చేతిలో ఉంది. మామ లేడు. సరిగ్గా అప్పుడే గోడ అవతలి వైపు మెట్లెక్కి ఆయన వస్తూ కనిపించాడు. గొంతుదాకా నల్లమట్టి, కుడి చేతిని పంచె కొసలో చుట్టుకుని ఉన్నాడు. నా కళ్లకు మట్టి కనిపించలేదు, చెయ్యి కనిపించలేదు. తాడు లేకపోవడమే కనిపించింది.

"తాడు ఇడిసి ఏడ దాసుకున్నవ్‌రా ముసలోడా!"

నీళ్లలోంచి వచ్చాక నేను మాట్లాడిన మొదటి మాట అది. గోడ మీద ఉన్నవాళ్లందరూ విన్నారు. మామను 'రా' అని పిలవడం నా బతుకులో అదే మొదలు, అదే కడ.

మామ మెట్టు మీదే ఆగాడు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "కాలు సూపియ్యి," అన్నాడు. ఎడమ చేత్తో నా కాలిని తన ఒడిలో పెట్టుకుని మట్టి తుడవడం మొదలుపెట్టాడు. తొడ చుట్టూ నల్లగా కమిలిపోయింది, మోకాలు రెండింతలై ఉంది. పంపు కొట్టిన మనిషి మాత్రం ఊరుకోలేదు. "నీకు సిగ్గున్నదా? నిన్ను బతికిచ్చింది ఆయనే!" అని మొదలుపెట్టి అంతా చెప్పాడు.

తాడు నేరుగా కాకుండా గేటు వైపు వాలి బిగుసుకోవడం చూసి మామకు వెంటనే అర్థమైందట. "వాడు కాలు వెట్టిండు. నేనైనా గదే వెడుదు," అన్నాడట. ఇంజనీరు నమ్మలేదు. చువ్వ ఇచ్చాం కదా, కాలెందుకు పెడతాడు అన్నాడు. ఏదో అడ్డం పడి ఉంటుంది, గేటును జానెడు ఎత్తండి, వదులవుతుంది అన్నాడు. మామ గేటు ఎత్తే చక్రం మీద అడ్డంగా పడ్డాడట. "ఎత్తుతే మనిషి మొత్తం అండ్లకు పోతడు. దించుతే దుంగ జరిగి కాలు తెగుతది. ముట్టకుండ్రి సారూ, నీ కాల్మొక్త."

"మరేం చెయ్యమంటావయ్యా?"

"కిందికెల్లి మూయాలె."

మా ఊళ్లో ఎవరి చెయ్యైనా తూములో ఇరుక్కుంటే చేసేది అదే. కట్ట అవతల, నీళ్లు బయటికి వచ్చే చోట మూసేస్తారు. పోయే దారి లేక నీళ్లు తూములోనే నిండుతాయి. లోపలా బయటా నీళ్లు సమానమైతే గుంజుడు ఆగిపోతుంది. ఇంజనీరు ఒక్క నిమిషం ఆలోచించి, "నిజమే," అన్నాడట. తూము బయటి నోటి దగ్గర గోడకు చెక్కలు దించే గాడులు కూడా ఉన్నాయి. చెక్కలేవీ అంటే, పెద్దవాళ్ల కోసం కడుతున్న వేదికకు పరిచేశారు! మూలిగే ప్రాణం నాది, దాని మీద కుర్చీలు వేసుకుని కూర్చునేది ఎవరో.

కింద మూసే పని తెలిసినవాడు ఆ గోడ మీద మామ ఒక్కడే. తాడు చేతిలో ఉంటే కిందికి పోలేడు. తాడు ఇంకొకడికి ఇస్తే కట్టుబాటు తప్పుతాడు, బిడ్డకిచ్చిన మాట తప్పుతాడు. తాడును మేస్త్రి చేతికిచ్చి, "గట్టిగ పట్టుకో, గుంజకు, ఇడువకు," అని పరుగెత్తాడట. గుంజొద్దని చెప్పింది నా తొడ చిరగకుండా. నేను లోపల తిట్టింది ఆ బిగుసుకున్న చేతినే.

తట్టలు మోసే ఆడవాళ్లు మైకువాణ్ణి పక్కకు తోసి వేదిక మీద చెక్కలు ఊడబెరికి మోసుకొచ్చారు. మామ ఆ నీళ్ల ధారలో నిలబడి ఒక్కొక్క చెక్కను గాడిలో దించాడు. వాళ్లు గడ్డి, నల్లమట్టి ముద్దలు అందిస్తుంటే సందుల్లో కూరాడు. ఆఖరి చెక్కను నీళ్లు ఎదురు తన్నాయి. భుజంతో అదిమి దించేటప్పుడు చెక్కకూ రాయికీ మధ్య కుడిచేతి వేళ్లు నలిగాయి. చూపుడు వేలు, నడిమి వేలు. చెక్కను ఎత్తితే వేళ్లు వస్తాయి, నీళ్లు కూడా వస్తాయి. ఎత్తొద్దన్నాడట. నేను బయటికి వచ్చేశానని పైనుంచి కేక వినిపించేదాకా ఆయన చెయ్యి అక్కడే ఉంది.

ఇదంతా విని నేను ఆ పంచె చుట్టిన చేతిని చూశాను. అప్పుడు, "తాడు అందింది మామా," అన్నాను.

"ఇప్పుడెందుకురా," అన్నాడు ఆయన. కోపంగా కాదు. "మొదటి మాట అయిపాయె. నువ్వన్నదాంట్ల తప్పేమున్నది? నేను తాడు ఇడిసింది నిజమే గద."

గేటు పని మాత్రం సులువుగా అయిపోయింది. నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు గేటును ఎత్తితే దుంగ తనంతట తనే తేలి వచ్చింది. వేదికకు వేరే చెక్కలు తెచ్చుకున్నారు.

ఇంటికి వచ్చాక నా భార్య నాకు వారం రోజులు అన్నం పెట్టలేదు. మా అవ్వే పెట్టింది. "మా బాపును ఏమన్నవ్?" అని నా భార్య ఒక్కసారి అడిగింది. నేను చెప్పాను, ఉన్నదున్నట్టు. "మల్ల అను, నేనూ ఇంట," అంది. అనలేక ఏడ్చాను. అప్పుడు పెట్టింది అన్నం.

మామ తాడును ఇంట్లో గూటానికి తగిలించి మళ్లీ ముట్టలేదు. ఊరి పెద్దలు చెప్పారు, నువ్వు తాడు ఇడిసింది వాని పాణం కోసమే గదా అని. నేను కాళ్ల మీద పడ్డాను. "కట్టుబాటు నేను వెట్టిందా, మీరు వెట్టిండ్రా?" అనేవాడు. నలిగిన రెండు వేళ్లూ వంకర తిరిగి అలాగే ఎండిపోయాయి. అన్నం ముద్ద ఆ వేళ్లలో నిలిచేది కాదు, పళ్లెంలో జారేది. రోజూ ఆయన ఎదురుగా కూర్చుని తినాలి నేను. నా బతుకులో అంతటి శిక్ష ఇంకోటి లేదు. ఆ ఇత్తడి కుండలో కూర్చున్నప్పుడైనా పంపు చప్పుడు లెక్కపెట్టుకోవడానికి ఉండింది, ఇక్కడ అదీ లేదు.

ఆ ఏడు మా చెరువు నిండలేదు కాబట్టి తూము తెరిచే అవసరం రాలేదు. మరుసటి ఏడు చెరువు నిండి అలుగు దుంకింది. నాట్లకు నీళ్లు కావాలి. రైతులు వచ్చి కూర్చున్నారు. తాడు మేం పడతామని ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చారు. నేను వినలేదు. మామ దగ్గరికి వెళ్లాను.

"నువ్వు పడుతవా లేదా?"

"నాకు ఇగ తాడు లేదని చెప్పిన గద అల్లుడా."

"గట్లైతే ఉత్తగనే దిగుత."

"పిస లేసిందారా నీకు? తాడు లేకుండ ఎవడన్న దిగుతడా?"

నాకు మళ్లీ కోపం వచ్చింది. కానీ ఈసారి ఆ కోపం నా మీదే. పంచె బిగించి నడుముకు ఏమీ కట్టుకోకుండా చెరువులోకి నడిచాను. తూము పైన నీళ్లలోంచి రెండు రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటి దాకా ఈది, ఊపిరి బిగించి మునిగాను.

నిజం చెప్పాలి. ఆనకట్ట తర్వాత నేను బావి మెట్ల మీద కూడా నీళ్లలో కాలు పెట్టలేకపోయేవాణ్ణి. అడుగుకు చేరాక ఎడమ కాలు ముందుకు రానంది. గోడను పట్టుకుని అలాగే ఉండిపోయాను. నడుము దగ్గర ఏ గుంజుడూ లేదు. మళ్లీ ఆ మూడు తుప్పు చారలు కళ్ల ముందుకొచ్చాయి. ఊపిరి అయిపోవస్తోంది. ఏమైతే అదైందని కాలు చాపాను. అరికాలికి కొయ్య తగిలింది. రెండు చేతులూ వేసి ఊడబెరికాను. నీళ్లు నన్ను గోడకేసి అదిమాయి. స్తంభాన్ని పట్టుకుని పైకి పాకబోయాను, చెయ్యి జారింది. ఇంకోసారి చాపాను.

చేతికి రాయి తగల్లేదు. ఇంకో చెయ్యి తగిలింది. మూడు వేళ్లు గట్టిగా పట్టుకున్నాయి, రెండు వంకరగా ఊరికే ఆనాయి. నన్ను పైకి గుంజాయి.

మామ ఒక చేత్తో స్తంభాన్ని కావిలించుకుని, గదవ దాకా నీళ్లలో ఉన్నాడు. తలపాగా ఎక్కడో కొట్టుకుపోయింది. ఒగరుస్తున్నాడు. కట్ట మీద రైతులంతా నిలబడి చూస్తున్నారు, నా భార్య అందరికంటే ముందు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. నాకు దగ్గు ముంచుకొచ్చింది. బిగబట్టాను.

"తాడు అందింది మామా," అన్నాను.

ఆయన నా చేతిని పట్టుకున్న తన చేతిని చూసుకున్నాడు. మొహం మీది నీళ్లు తుడుచుకోవడానికి ఆయనకు ఇంకో చెయ్యి ఖాళీగా లేదు.

"ఒడ్డెక్కు," అన్నాడు.